వినోదపు గాలము, జీవనపు వల: లూసియానా మత్స్య కమిషనునందలి సమతూకము

చేప యొక్కటే, దానిని కోరువారు రెండు తెగలు. ఒకడు సెలవుదినమున పడవ యెక్కి, గాలము వేసి, చేపతో పెనగులాడుటలోని యానందముకొఱకు నీటిమీద ప్రొద్దు పుచ్చును. వేఱొకడు తెల్లవాఱకమునుపే వల సరిచూచుకొని నీటికి పోవును. ఆనాడు చేప పడనిచో వాని యింట పొయ్యి వెలుగుట కష్టము. మొదటివానిని వినోద మత్స్యకారుడనియు, రెండవవానిని వృత్తి మత్స్యకారుడనియు వ్యవహరింపవచ్చును. ఇరువురికిని ఆ నీటియందు హక్కు కలదు. ఇరువురును అదే చేపను కోరినపుడు ఎవరికి ఎంత, ఏ ఋతువున, ఏ సాధనముతో అను తగవు పుట్టును. ఆ తగవు తీర్చవలసిన సభలో ఎవరెవరు కూర్చుండవలెననునది అంతకంటె లోతైన ప్రశ్న.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మెక్సికో సింధుశాఖ యొడ్డున నున్న లూసియానా రాష్ట్రము ఈ ప్రశ్నకు తన రాజ్యాంగములోనే జవాబు వ్రాసికొన్నది. ఆ జవాబు ఎంతవఱకు నెగ్గినది, ఎక్కడ చాలకపోయినది అను విషయమును పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము. తెలుగునాటికి వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగువారిలో సముద్రమును నమ్ముకొని బ్రదుకువారు పెక్కురు కలరు. ఒడిశా తీరమున వారి వేట నేడు వన్యప్రాణి సంరక్షణ నియమములతో ముడివడియున్నది. కావున లూసియానా యనుభవమును వారు దూరదేశపు వింతగా గాక, తమ పొరుగువాని యింటి వ్యవహారమువలె చదువవచ్చును.

నీరు, జనము

మిసిసిపీ మహానది వేలయేండ్లుగ తెచ్చి పోసిన ఒండ్రుతో లూసియానా దక్షిణభాగ మేర్పడినది. ఉప్పునీరును మంచినీరును కలియు బురదనేలలు, రెల్లుబీళ్ళు, కాలువలు అచట విస్తారముగ గలవు. రొయ్యపిల్లలకును, పీతలకును, చేపపిల్లలకును అవి పురిటిల్లు వంటివి. ఆ పంటను నమ్ముకొని అనేక జాతులవారు వచ్చి స్థిరపడిరి. 1755లో బ్రిటిషువారు నోవాస్కోషియానుండి వెడలగొట్టిన ఫ్రెంచి మాటలాడు అకేడియనులు అక్కడికి చేరిరి; వారినే నేడు కేజనులందురు. 1778 మొదలు కెనరీ ద్వీపములనుండి స్పానిషు మాటలాడువారు వచ్చిరి. 19వ శతాబ్దిలో ఏడ్రియాటిక్ తీరమునుండి వచ్చిన క్రొయేషియనులు ఆయిస్టరు గుల్లల సాగును చేపట్టిరి. 1975 తరువాత వియత్నాము కాందిశీకులు రొయ్యల పడవ లెక్కిరి. వీరికంటె ముందునుండియే హ్యూమా మొదలగు ఆదివాసి తెగలవారు ఆ నీళ్ళయందు బ్రదుకుచుండిరి.

అనగా లూసియానా వృత్తి మత్స్యకారులలో పెద్దభాగము భాషచేత కూడ అల్పసంఖ్యాకులు. 1921 నాటి రాజ్యాంగము బడులలో బోధన ఇంగ్లీషుననే జరుగవలెనని విధించెను. బడిలో ఫ్రెంచి మాటలాడిన పిల్లలు దండన పొందిరి. ఆ భాషను నిలుపుటకు 1968లో ప్రభుత్వమే ఒక మండలిని నెలకొల్పవలసివచ్చెను. ఇంట ఒక భాష, కచేరీలో మఱియొక భాషగా జీవించు జనమునకు చేపల నియమము ఏ భాషలో ప్రకటింపబడినదనునది చిన్న సంగతి కాదు. ప్రవాసాంధ్రులకు దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు.

వినోద మత్స్యకారులు మఱియొక రీతి జనము. వారు పట్టణములనుండియు పల్లెలనుండియు, అన్ని వృత్తులనుండియు వచ్చువారు. సంఖ్యలో చాల హెచ్చు. వారిలో ధనికులు కలరు, సామాన్యులును కలరు. తాత చేతినుండి మనుమనికి వచ్చిన గాలపుకఱ్ఱ అక్కడ కుటుంబగౌరవమునకు గుర్తు. కావున వారి కోరికను కేవలము విలాసమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వారి వెంట పడవల తయారీదారులు, ఎరల దుకాణములవారు, పూటబసల యజమానులు, వేటకు తీసికొనిపోవు సరంగులు మున్నగువారందఱు జీవించుచున్నారు.

కమిషను నిర్మాణము

1974లో ప్రజలు ఆమోదింపగా 1975 ఆరంభమునుండి అమలునకు వచ్చిన లూసియానా రాజ్యాంగము, 9వ అధికరణము 7వ విభాగమున, రాష్ట్రమందలి వన్యప్రాణుల యొక్కయు, సర్వ జలజీవుల యొక్కయు పాలనను వన్యప్రాణి–మత్స్య కమిషనుకు అప్పగించినది. అందు సభ్యు లేడుగురు. వారిని గవర్నరు నియమించును, సెనేటు ధ్రువపఱుపవలెను. ఆఱుగురి పదవీకాలము ఆఱేసి యేండ్లు. ఒకరి పదవీకాలము గవర్నరు పదవితోపాటు సాగును. ఆఱేండ్లు లేదా అంతకుమించి పనిచేసినవారిని మరల నియమింపరాదు.

ముఖ్యాంశము దీని తరువాత నున్నది. ఏడుగురిలో ముగ్గురు సముద్రతీర జిల్లాలలోని ఓటర్లై, వృత్తి మత్స్య పరిశ్రమకును, బొచ్చుతోళ్ళ పరిశ్రమకును ప్రతినిధులై యుండవలెను. తక్కిన నలుగురు రాష్ట్రమున ఎచటివారైనను కావచ్చును గాని, ఆ పరిశ్రమల ప్రతినిధులు కారాదు. ఆ నలుగురును గాలపు వేటగాండ్రే కావలెనని రాజ్యాంగము చెప్పలేదు. అయినను వేటయందును గాలమునందును మక్కువ గలవారికి ఆ స్థానములు దక్కుట సహజము.

ఈ నాలుగు–మూడు తూనికలోని నేర్పు గమనింపదగినది. వృత్తివారు సంఖ్యలో అల్పులు. ఎన్నిక పెట్టినచో వారికి ఒక్క స్థానమైనను దక్కదు. కావున రాజ్యాంగము వారికి స్థానములు కేటాయించినది. కాని ప్రజలందఱి సొత్తైన చేపను అమ్ముకొను పరిశ్రమకే ఆధిక్యము నిచ్చినచో కంచెయే చేను మేసినట్లగును. కావున వారిని మూడింటికి పరిమితము చేసినది. ముగ్గురు ఏ తీర్మానమును తామే నెగ్గించుకొనలేరు. అయినను ఒక్కనిని ఒప్పింపగలిగిన చాలు, పాళ్ళు తాఱుమాఱగును. ఏనాడు ఏ సభ్యుడు ఎటు మొగ్గునో తెలియదు గనుక ఇరుపక్షములును సాక్ష్యములతో, లెక్కలతో సభకు రావలసియుండును.

లోపమును లేకపోలేదు. రొయ్యలవాడు, పీతలవాడు, గుల్లలవాడు, నూనెచేపల కర్మాగారమువాడు, బొచ్చుతోళ్ళవాడు అందఱును ఆ మూడు స్థానములలోనే ఇముడవలెను. చిన్నపడవపై పీతల బుట్టలు దింపుకొను వాని మేలు పెద్ద కర్మాగారమునకు మేలు కాకపోవచ్చును. ఈ కొఱత తీర్చుటకే రొయ్యలు, పీతలు, ఆయిస్టరులు మున్నగు వానికి వేర్వేరు సలహా సంఘములు ఏర్పడినవి. అవి సలహా చెప్పగలవు. తీర్పు మాత్రము కమిషనుదే.

ధనము వచ్చు త్రోవ

వినోదపక్షమునకు గల బలము సంఖ్యాబలము మాత్రమే కాదు. 1950లో అమెరికా కేంద్రశాసనసభ చేసిన చట్టము ప్రకారము గాలపుకఱ్ఱలు, చక్రములు, ఎరలు మొదలగు వానిపై వసూలగు పన్ను రాష్ట్రముల మత్స్య శాఖలకు పంచబడుచున్నది. 1984లో ఆ పన్నును మఱిన్ని వస్తువులకు విస్తరింపజేసిన సవరణ, అప్పటి లూసియానా ప్రతినిధి జాన్ బ్రో పేరును కూడ కలుపుకొని ప్రసిద్ధికెక్కినది. పంపకమునందు 100కి 60 పాళ్ళు లైసెన్సు పొందిన గాలపు వేటగాండ్ర సంఖ్యనుబట్టియు, 40 పాళ్ళు రాష్ట్ర వైశాల్యమునుబట్టియు లెక్కింపబడును.

గాలపు వేటగాండ్రు పెరిగినకొలది మత్స్యశాఖ ఖజానా నిండునని దీని భావము. తెల్లగాలము వేసి చేపను మరల నీట విడిచిపెట్టువాడు సైతము శాఖకు పోషకుడే. వృత్తివారును లైసెన్సు రుసుములు చెల్లింతురు, చేపను పట్టణవాసి పళ్ళెమునకు చేర్తురు. కాని కేంద్రధనపు సూత్రములో వారి తలలు లెక్కకు రావు. ఏ అధికారియు దురుద్దేశముతో పక్షపాతము చూపనక్కఱలేదు. నీరు పల్లమెఱుగునట్లు శాఖ దృష్టి ధనము వచ్చు దిక్కునకు పోవుచుండును. రాజ్యాంగమిచ్చిన మూడు స్థానములు ఈ వాలుకు అడ్డుకట్ట వంటివి.

రెడ్‌ఫిష్ కథ

1980 దశకమున న్యూఆర్లియన్సు నగరపు వంటవాడు పాల్ ప్రూడోమ్ ఒక వంటకమును ప్రసిద్ధికి తెచ్చెను. రెడ్‌ఫిష్ అను చేప ముక్కలకు వెన్నయు మసాలాయు పట్టించి, మండు ఇనుపపెనముపై నల్లబడునట్లు కాల్చుటయే అది. దేశమంతటను ఆ చేపకు గిరాకి పుట్టెను. రెడ్‌ఫిష్ పిల్లలు తీరపు బురదనీళ్ళలో నాలుగైదేండ్లు పెరిగి, పిదప లోతునీటికి పోయి తల్లిచేపలగును, దీర్ఘకాలము జీవించును. గిరాకికై పెద్దవలలవారు లోతునీటిలో గుంపుకట్టిన ఆ తల్లిచేపలనే చుట్టివేయసాగిరి. 1986లో కేంద్రప్రభుత్వము అత్యవసర నియమముతో తన జలములలో ఆ వేటను అదుపుచేసెను. 1988లో లూసియానా ఆ చేప వృత్తివేటను నిలిపివేసెను. అప్పటినుండి అది గాలమువానికే దక్కిన చేప.

ఇంతవఱకు చూచినచో వల దోషి, గాలము నిర్దోషి. కాని కథ అంతటితో ముగియలేదు. పిల్లచేపలలో లోతునీటికి క్షేమముగ చేరుకొనునవి, వేటయే లేనప్పటి సంఖ్యలో 100కి 30 పాళ్ళయినను ఉండవలెనని రాష్ట్రము లక్ష్యముంచుకొన్నది. 2022 నాటి పరిశీలనలో ఆ పాలు లక్ష్యమునకు దిగువకు జాఱినట్లు తేలెను. వృత్తివేట ఆగి అప్పటికి మూడు దశాబ్దములు దాటినది. బురదనేలలు సముద్రములో కలిసిపోవుట మొదలగు కారణములు కొన్ని యున్నను, గాలములు లక్షలైనపుడు అవియును వల వంటివేనని అందఱును గ్రహింపవలసివచ్చెను. 2024 జూను 20 నుండి రోజునకు ఒకరికి 5 చేపల పరిమితి 4కు తగ్గెను; 18 అంగుళములకు తక్కువయు 27 అంగుళములకు మించినవియు ఉంచుకొనరాదని విధించిరి. అంతకుముందే 2023 నవంబరు 20 నుండి మచ్చల ట్రౌటు అను చేపకు రోజునకు 25గా నున్న పరిమితి 15కు తగ్గియుండెను. ఎదుటివానిని తప్పించిన తరువాత తన గాలమును తానే కురుచ చేసికొనవలసివచ్చుట వినోదపక్షమునకు గొప్ప పాఠము.

సభ దాటిపోయిన తీర్పులు

ఇక వృత్తిపక్షమునకు కలిగిన పాఠము వేఱు. 1995లో లూసియానా శాసనసభ చేసిన సముద్రసంపద సంరక్షణ చట్టము, చేపల మొప్పలు చిక్కుకొను గిల్‌నెట్టు వలలను రాష్ట్రపు ఉప్పునీళ్ళనుండి దాదాపుగ తొలగించినది. ముల్లెట్ చేపకు మాత్రము ఋతువునుబట్టి, అనుమతిపై, ఒకరకపు వలను సాగనిచ్చిరి. వృత్తివారికి కమిషనులో మూడు స్థానములున్నను ఈ నిర్ణయము కమిషనులో జరుగలేదు, శాసనసభలో జరిగినది. 1988 నాటి రెడ్‌ఫిష్ నిషేధపు తీరును ఇట్టిదే. చిన్న తగవులు సభలో తూనికపై తీఱును. పెద్ద తగవు సభ గడప దాటి, తలలు లెక్కించు చోటికి పోవును. అక్కడ అల్పసంఖ్యాకునికి కేటాయించిన స్థానము అక్కఱకు రాదు.

ఫ్లారిడాలో ఇది మఱింత స్పష్టముగ కనబడినది. 1994 నవంబరులో అక్కడ వలల నిషేధమును రాజ్యాంగ సవరణగా ప్రజల ఓటుకు పెట్టిరి. 100కి 70 మందికి మించి దానిని ఆమోదించిరి. 1995 జూలై 1 నుండి రాష్ట్ర జలములందంతటను గిల్‌నెట్టులు నిషిద్ధములయ్యెను. తీరమునకు చేరువ నీళ్ళలో 500 చదరపు అడుగులకు మించిన ఇతర వలలును అట్లే యయ్యెను. 1999 జూలైలో పని మొదలిడిన ఆ రాష్ట్రపు కొత్త కమిషనులోను ఏడుగురే సభ్యులు. గవర్నరు నియమించును, సెనేటు ధ్రువపఱుచును. కాని అందు ఏ వర్గమునకును ప్రత్యేక స్థానము లేదు. లూసియానా స్థానములు కేటాయించినది, ఫ్లారిడా కేటాయింపలేదు; అయినను 1995లో రెండుచోట్ల వల తీసివేయబడెను. దీనినిబట్టి స్థానములు నిరుపయోగములని తలచరాదు. లూసియానాలో మిగిలిన వృత్తులకు నిత్యవ్యవహారములలో మాటచెల్లుబడి యుండుటకు అవియే ఆధారము.

ఇందుకు నూనెచేపల తగవు నిదర్శనము. మెన్‌హేడెన్ అను చిన్నచేపను లక్షలుగ చుట్టివలలతో పట్టి, నూనెగను పిండిగను మార్చు పరిశ్రమ లూసియానాలో పెద్దది. ఆ పడవలు ఒడ్డుకు మిక్కిలి చేరువగ వచ్చుటచే రెడ్‌ఫిష్ వంటి చేపలును వలలో పడుచున్నవని గాలమువారు ఫిర్యాదు చేసిరి. ఒడ్డు విడిచినచో తమకు చేప దొరకదని పరిశ్రమవారు బదులిచ్చిరి. 2023లో ఒక మైలు ఎడమునకు ప్రతిపాదన వచ్చెను. వాదోపవాదముల పిమ్మట 2024లో తీరమువెంట సాధారణముగ అర మైలు, కొన్నిచోట్ల అంతకుమించిన దూరము నిర్ణయమయ్యెను. ఎవరికిని పూర్తి తృప్తి లేదు. అయినను పరిశ్రమ మూతపడలేదు, తీరము కొంత ఊపిరి పీల్చుకొనెను. ఓటుపెట్టె ఔననియో కాదనియో చెప్పగలదు గాని అర మైలని చెప్పజాలదు. అట్టి తీర్పు ఇరువురును ఎదురెదురుగ కూర్చున్న సభయందే సాధ్యము.

లెక్క ఎవరిది?

తూనిక సరిగ నుండవలెనన్న తక్కెడలో వేయు రాళ్ళు సరిగ నుండవలెను. లూసియానాలో 1999 నుండి వృత్తివాడు చేపను అమ్మిన ప్రతిసారియు వర్తకుడు ఒక చీటీపై చేప పేరు, తూకము, పట్టిన చోటు, సాధనము వ్రాసి ప్రభుత్వమునకు పంపవలెను. వినోదవేటలో అమ్మకము లేదు గనుక చీటీ లేదు. చాలకాలము కేంద్రప్రభుత్వపు అంచనాలే దిక్కయ్యెను. 2014లో రాష్ట్రమే సొంతముగ రేవులయొద్ద విచారించువారిని నియమించి, లైసెన్సుదారులను వారము వారము ప్రశ్నించి లెక్క తీయ నారంభించెను. ఒకరి పట్టు చీటీలలో తెలియుచుండగా రెండవవారి పట్టు ఊహలో నున్నంతకాలము, దోషమంతయు లెక్కలో కనబడువానిపైననే పడుట సులభమయ్యెను. ఇరువురిని లెక్కించిన తరువాతనే ఇరువురికిని నియమము పెట్టుట న్యాయమయ్యెను.

ఒడిశా తీరపు తెలుగువారికి

పూరీ పట్టణపు ఒడ్డున పెంఠకటా పల్లెలోను, గంజాం తీరపు పల్లెలలోను తెలుగు మాటలాడు మత్స్యకారులు తరతరములుగ నివసించుచున్నారు. స్థానికులు వారిని నోలియాలందురు. ఒడిశా తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలుగ వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. 1997లో గహీర్మథా సముద్ర అభయారణ్యము ఏర్పడినది. నవంబరు 1 నుండి మే 31 వఱకు దేవి, ఋషికుల్య నదీముఖములయొద్ద కూడ వేటపై నిషేధము విధింపబడుచున్నది. ఇచట వృత్తికి ఎదుట నున్నది వినోదపు గాలము కాదు, తాబేలు. దానిని కాపాడవలెననుటలో వివాదము లేదు. కాని ప్రశ్న అదే: ఏడు నెలల నియమము వ్రాయు చోట వలవాని మాట వినువా రెవరు?

వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో జరిగిన సవరణ ప్రతిరాష్ట్రమున ఒక వన్యప్రాణి మండలిని విధించినది. దానికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. శాసనసభ్యులు, సంరక్షణ నిపుణులు, స్వచ్ఛంద సంస్థలవారు, వివిధ శాఖల అధికారులు సభ్యులు. షెడ్యూల్డు తెగలవారు ఇద్దరైనను ఉండవలెను. మత్స్యశాఖాధిపతికి చోటు కలదు. చేపలు పట్టి జీవించువారికని ప్రత్యేకస్థానము మాత్రము లేదు. శాఖాధిపతి మత్స్యకారుల తరఫున మాటలాడగలడు. కాని వాని యింట పొయ్యి చేపపై ఆధారపడియుండదు.

లూసియానా యనుభవమునుండి మూడు సంగతులు తేటపడుచున్నవి. అల్పసంఖ్యాకునికి సభలో స్థానము చట్టముచే ఏర్పడవలెను. దయచే లభించునది దయతోనే పోవును. ఉభయుల పట్టును లెక్కింపవలెను. లెక్కలేని చోట బలవంతుని మాటయే లెక్క యగును. నియమమును, దానిపై ఆక్షేపణ చెప్పు విధమును జనుల భాషలో ప్రకటింపవలెను. అర్థముకాని నోటీసు గోడకు అలంకారము మాత్రమే. మొదటిది శాసనకర్తల పని, రెండవది శాఖల పని. మూడవదానికి మాత్రము తెలుగు సంఘములు ఎవరి అనుమతికొఱకును వేచియుండనక్కఱలేదు. పల్లెకు వచ్చిన ఉత్తరువును తెలుగున చదివి వినిపించుట, పల్లె చెప్పిన ఆక్షేపణను ఒడియాలోనో ఇంగ్లీషులోనో వ్రాసి గడువులోపల పంపుట, రెండు భాషలును చదివిన యువకులకు సాధ్యమైన సేవ. స్థానము వచ్చు దాక మాటయైనను సభకు చేరవలెను.